పైనుంచి చూస్తే ఖాళీ స్థలం

పిల్లి మేస్త్రికి మనుషుల ముఖాలు గుర్తుండవు, నడినెత్తులు గుర్తుంటాయి. యాభై ఏళ్ళపాటు పాత నగరంలో ఇళ్ళ కప్పుల మీద పెంకులు నేసినవాడికి, కింద వీధిలో నడిచే జనం పాపిడులుగా, బట్టతలలుగా, టోపీలుగానే పరిచయం. ఎవరైనా ఎదురొచ్చి "ఏం మేస్త్రీ, బాగున్నావా?" అంటే వెర్రిచూపు చూసేవాడు. వాళ్ళు దాటిపోయాక వెనక్కి తిరిగి, మునివేళ్ళ మీద లేచి నెత్తి చూసి, "ఓహో, గడియారాలాయనా! రెండు సుడులు!" అని అప్పుడు పరుగెత్తుకెళ్ళి పలకరించేవాడు.

పిల్లి అన్నది నగరం పెట్టిన పేరు. అతను అడుగు వేస్తే కింద పెంకుకి కూడా తెలిసేది కాదంటారు. ఒకసారి బామ్మర్దితో పందెం కాసి, ఉత్తర ద్వారం దగ్గర కప్పెక్కినవాడు నేల మీద కాలు పెట్టకుండా నది ఒడ్డు దాకా వెళ్ళాడట. దారిలో ఒక పొగగొట్టం దగ్గర ఆగి "అమ్మా, కూర అడుగంటుతోంది" అని లోపలికి కేకేస్తే, ఆ ఇల్లాలు ఆకాశవాణి అనుకుని పొయ్యి ఆర్పి దణ్ణం పెట్టిందట. ఇందులో ఎంత నిజమో పందెం ఓడిన బామ్మర్దిని అడగాలి. అతను కూర మాడిన సంగతి ఒక్కటే ఒప్పుకుంటాడు.

ఆ బామ్మర్ది ముప్ఫై అయిదేళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మ్యాన్. మేస్త్రికి నగరమంటే కప్పులు, అతనికి నగరమంటే గుమ్మాలు. "మీ ఇద్దరినీ కలిపితే ఒక ఇల్లవుతుంది, గోడలు తప్ప" అనేది మేస్త్రి భార్య. గోడల మధ్య ఉండేది ఆవిడే.

మేస్త్రికి డెబ్భై రెండు నిండి, మోకాళ్ళు నిచ్చెనతో తెగతెంపులు చేసుకున్న ఏడాది నోటీసు వచ్చింది. కోటగోడని ఆనుకుని ఉన్న సందులో పదకొండు ఇళ్ళున్నాయి. నలభై రెండేళ్ళ కిందట, కోటగోడ పక్కన ఎవరూ ఇల్లు కట్టకూడదని చట్టం చేశారు. చట్టానికి ముందున్న ఇళ్ళు ఉండవచ్చు, తర్వాత వచ్చినవి పడగొడతారు. నలభై రెండేళ్ళు ఆ చట్టం ఏ బీరువాలో నిద్రపోయిందోగానీ, ఇప్పుడు లేచి ఆవులించి, పదకొండు ఇళ్ళకీ కాగితాలు పంపింది. ముందునుంచీ ఉన్నామని చూపించుకోవడానికి రెండే దారులు: అప్పటి పన్ను రసీదు, లేదా అప్పటి ఫొటో. సాక్షుల మాట చెల్లదు.

ఆఫీసులో ఉండాల్సిన పన్ను పుస్తకాలు చెదలు తినేశాయి. ఇళ్ళలో రసీదులు దాచుకున్నవాళ్ళు ఎవరూ లేరు. మేస్త్రి తండ్రి మాత్రం దాచాడు, ప్రతి ఏడాదీ ట్రంకుపెట్టెలో వరసగా. ఆ ట్రంకుపెట్టె ఎప్పుడో వానకి తడిసి, లోపల కాగితాలన్నీ గుజ్జయిపోయాయి.

"ఇంట్లో ఉన్న పెట్టె ఎందుకు తడిసిందో చెప్పండి తమ్ముడికి," అంది భార్య నోటీసు చదివిన రోజు.

"ఇప్పుడు ఆ పాత కథెందుకే?"

"నాకు కొత్త కథలెక్కడున్నాయి? ఉన్నది అదొక్కటే."

"అక్కా, ఆ కథ నాకు కంఠతా వచ్చు," అన్నాడు బామ్మర్ది. "వదిలెయ్. ఫొటోలున్నాయిగా."

అవును, ఫొటోలున్నాయి. పాత సభాభవనంలో ప్రదర్శన పెట్టారు: విమానం మీదనుంచి తీసిన నగరం చిత్రాలు, తొమ్మిది, ఒక్కొక్కటి గోడంత. చట్టానికి సరిగ్గా ఏడాది ముందు తీసింది ఒకటి వాటిలో ఉంది. నోటీసులు అందుకున్నవాళ్ళ కోసం ఆఫీసువాళ్ళు అక్కడే ఒక బల్ల వేశారు. గురువారం పొద్దున కొలతలాయన భూతద్దంతో వచ్చి కూర్చుంటాడు. ఎవరి కప్పు వాళ్ళు చూపించుకుంటే, చూసి, కాగితం మీద సంతకం పెడతాడు. అంతే. సందులో పదిళ్ళవాళ్ళు భయపడ్డారు. పైనుంచి తీసిన బొమ్మలో తమ ఇల్లు తామే పోల్చుకోలేమని వాళ్ళ దిగులు. మేస్త్రి మాత్రం చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

"పరీక్షలో నేను పుట్టినప్పటినుంచీ చదివిన ప్రశ్నే ఇచ్చార్రా," అన్నాడు బామ్మర్దితో.

గురువారం పొద్దున సందు సందంతా కదిలింది. సభాభవనం మెట్లెక్కుతూ మేస్త్రి అలవాటు ప్రకారం తలెత్తి చూశాడు. పైన ఇప్పుడు పెంకులు లేవు, బూడిదరంగు రేకులు. వాటి కింద తెల్లటి పలకల సీలింగు. "మూకుడు బోర్లించినట్టుంది" అని గొణిగి లోపలికి నడిచాడు.

మొదటి చిత్రం ముందు జనం గుంపుగా నిలబడి ఉన్నారు. మెళ్ళో బిళ్ళ వేసుకున్న ఒక అమ్మాయి కర్రతో బొమ్మ కుడివైపు చూపిస్తూ, "ఇది నగరానికి తూర్పు భాగం" అంటోంది.

"పడమర," అన్నాడు మేస్త్రి.

"కాదు తాతగారూ, ఇక్కడ రాసి ఉంది..."

"రాసినవాడు కింద నిలబడి రాశాడమ్మా. ఆ పొడుగు కప్పు చూడు, నూలు గిడ్డంగి. దాని కొప్పు మధ్యలో వంగింది, ముసలి గుర్రం నడుంలా. ఆ దూలం చెదపట్టిందని మా నాన్న నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. అది పడమటి వీధి. ఎవరో బొమ్మని తిరగేసి తగిలించారు."

అమ్మాయి కాగితాలు తిరగేసి చూసింది. ముఖం ఎర్రబడింది. బొమ్మ నిజంగానే తలకిందులుగా ఉంది. నాలుగు రోజులుగా నగరమంతా వచ్చి, తలకిందులైన తమ ఊరిని చూసి మెచ్చుకుని వెళ్ళింది.

అక్కణ్ణుంచి కర్ర మేస్త్రి చేతికొచ్చింది. అతను అడిగి తీసుకున్నాడా, అమ్మాయే ఇచ్చిందా అన్నది తెలియదు. జనం అతని వెనకాల చిత్రం నుంచి చిత్రానికి కదిలారు. ఈ కప్పు కింద ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకోక మధ్యన గోడ కట్టుకున్నారు, కప్పు మాత్రం ఒకటే, కారితే ఇద్దరికీ కారేది. ఈ మేడ మీద పావురాలు పెంచే ఆవిడ, మేస్త్రి కప్పెక్కితే పావురాలు బెదురుతున్నాయని, ఎక్కే ముందు తనకి ఉత్తరం రాయమనేది.

"ఆ ఉత్తరం నేనే ఇచ్చేవాణ్ణి," అన్నాడు బామ్మర్ది, ఎక్కడైనా ఒక గుమ్మం దొరుకుతుందేమోనని చిత్రమంతా వెతుకుతూ. "ఇందులో ఒక్క తలుపూ కనబడదేం బావా? ఇది ఊరా, దుప్పటా?"

"నువ్వు బతుకంతా తల దించుకు తిరిగావురా. ఇప్పుడన్నా ఎత్తు."

జనం నవ్వారు. భార్య నవ్వలేదుగానీ, పమిట సర్దుకుని ఈయన మా ఆయన అన్నట్టు పక్కకొచ్చి నిలబడింది. ఆ పది నిమిషాలూ మేస్త్రి బతుకులోకెల్లా పెద్ద కప్పు మీద నిలబడ్డట్టున్నాడు.

ఆరో చిత్రమే అసలు చిత్రం. దాని పక్కన బల్ల, బల్ల వెనక కొలతలాయన. సన్నగా, తీరిగ్గా, ఎవరిమీదా కోపం లేని మనిషి. మేస్త్రి కోటగోడ పొడవునా కర్ర జరిపి సందు పట్టుకున్నాడు. "రండి ఒక్కొక్కరే," అని తన వీధివాళ్ళని పిలిచాడు.

"ఇది దర్జీవాళ్ళది. కొప్పు చివర ఒక పెంకు ఎత్తుగా ఉంటుంది, పిడుగు కడ్డీ కోసం. ఇది పాలావిడది. మూల దగ్గర చిన్న పందిరి, చూశారా? ఇది వడ్రంగిది, పొగగొట్టం వంకర, ఆయన ముక్కులాగే."

కొలతలాయన భూతద్దం పెట్టి చూడటం, కొలవటం, సంతకం పెట్టటం. దర్జీ కళ్ళు తుడుచుకున్నాడు. పాలావిడ మేస్త్రి రెండు చేతులూ పట్టుకుంది. "నీ రుణం ఉంచుకోనయ్యా, రేపట్నుంచి పాలు నీళ్ళు కలపకుండా పోస్తా" అంది. ఆవిడ కంగారులో ఎంత నిజం చెప్పిందో ఆవిడకే తెలియలేదు. పది ఇళ్ళు. పది సంతకాలు.

"ఇక నాది," అన్నాడు మేస్త్రి. "దర్జీకీ పాలావిడకీ మధ్యన."

కర్ర అక్కడ పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

దర్జీ కప్పు ఉంది, పాలావిడ కప్పు ఉంది. రెంటికీ మధ్య, పన్ను ఊడిన చోటులా, ఒక తెల్లటి చదరం. నాలుగు వైపులా సన్నటి గీత, లోపల ఏమీ లేదు. మధ్యలో ఒక నల్లటి చుక్క.

మేస్త్రి కర్ర దించకుండా చిత్రంలో సభాభవనం ఎక్కడుందో వెతికాడు. ఉంది. కప్పు కొత్తగా, నిండుగా, ఒక్క అతుకు లేకుండా నేరేడుపండు రంగులో మెరుస్తోంది. అంత అందంగా నేసిన కప్పు ఆ బొమ్మ మొత్తంలో ఇంకొకటి లేదు. అది తన పనే.

ఎవరూ ఏమీ చెప్పకుండానే అతనికి సంగతి తెలిసింది. కాళ్ళ కింద నేల కొద్దిగా వాలినట్టయింది. వాలు మీద నిలబడటం తెలిసిన మనిషి కాబట్టి పడలేదు.

ఆ ఏడాది సభాభవనం కప్పు మొత్తం కొత్తగా నేయించారు. ముప్ఫై నిండని మేస్త్రికి దొరికిన మొదటి పెద్ద పని అది. ఆదివారం పొద్దున పెద్దలంతా వచ్చి తలుపులు తెరవాలి. గురువారం సాయంత్రానికి ఆరువందల పెంకులు తక్కువొచ్చాయి. ఆ రంగు పెంకు కాల్చే బట్టీ ఒక్కటే, దాని యజమాని జబ్బుపడి బట్టీ ఆర్పేశాడు. వేరే రంగు పెంకు వేస్తే తెల్ల చొక్కాకి నల్లగుడ్డ మాసిక వేసినట్టుంటుంది. కిందనుంచి ఎవరికీ కనబడదని అందరూ అన్నారు. నాకు కనబడుతుంది అన్నాడు మేస్త్రి. అదే బట్టీ పెంకులు, అదే రంగు, నగరంలో ఇంకొక్క ఇంటి మీదే ఉన్నాయి. అది వాళ్ళ నాన్న నేసిన తన ఇల్లు.

"రెండు రోజులే," అని చెప్పాడు భార్యకి. శుక్రవారం తెల్లారేసరికి పెంకులన్నీ దింపి, పాత వాసాలు కూడా పనిలోపనిగా మారుద్దామని పీకేశాడు. సభాభవనం కప్పు నిండింది. బట్టీ యజమాని మాత్రం లేవలేదు, బట్టీ మళ్ళీ వెలగలేదు. ఆ రెండు రోజులు పదకొండు నెలలయ్యాయి. వానాకాలం మొత్తం ఆవిడ మంచం మీద టార్పాలిన్, పొయ్యి మీద గొడుగు. ట్రంకుపెట్టె మంచం కిందే ఉందనుకుంది, పొయ్యి పక్కనే ఉందనుకున్నాడు ఈయన. అది రెంటికీ మధ్య తడిసింది. చివరికి పని చేసిన ఇళ్ళలో మిగిలినవి రెండూ మూడూ అడిగి తెచ్చుకుని, ఏడు రంగుల పెంకులతో తన కప్పు నేసుకున్నాడు.

"ఇక్కడ ఖాళీ స్థలం కదండీ," అన్నాడు కొలతలాయన మెల్లగా.

"ఖాళీ కాదండీ, ఇల్లే. ఆ రోజు కప్పు లేదు. అంతే."

"ఎవరన్నా కప్పు తీసి పెట్టుకుంటారా?"

"నేను తీశాను."

"ఎందుకు?"

మేస్త్రి కర్రతో సభాభవనం చూపించాడు. "అక్కడ వేశాను."

కొలతలాయన ఆ కప్పు చూశాడు, ఈ చదరం చూశాడు, మేస్త్రి మొహం చూశాడు. నమ్మినట్టే ఉన్నాడు. అతను నమ్మితే లాభమేమీ లేదు.

అంతలో భార్య ముందుకొచ్చి, కళ్ళద్దాలు పైకి జరుపుకుని, చిత్రానికి ముక్కు ఆనించినంత దగ్గరగా వంగింది. చాలాసేపు చూసింది.

"ఈ నల్ల చుక్క నేనే," అంది.

"అమ్మా?"

"గొడుగు. నేను గొడుగు కింద కూర్చుని బియ్యం ఏరుతున్నా. విమానం చప్పుడు విని, గొడుగు పక్కకి తీసి చూశాను కూడా. ఇంత కిందుగా తిరుగుతోందేంటని అనుకున్నా. గుర్తుంది నాకు. నన్నే ఫొటో తీశారన్నమాట." ఆవిడ కొలతలాయన వైపు తిరిగింది. "ఖాళీ స్థలంలో కూర్చుని ఎవరన్నా బియ్యం ఏరతారా బాబూ?"

అతను భూతద్దం పెట్టాడు. "పొద అనుకోవచ్చమ్మా. బావి అనుకోవచ్చు. గొడుగే అనుకున్నా, రూల్లో ఒక మాట ఉంది. కప్పు ఉంటేనే ఇల్లు. కప్పు లేకపోతే స్థలం."

"బావా, ఆ పెంకుల వెనక మీ నాన్న గుర్తు ఉండేదిగా! చేప బొమ్మ!" అన్నాడు బామ్మర్ది ఒక్కసారిగా. "పైకెక్కి ఒక్క పెంకు తిప్పి చూపిస్తే చాలు కదండీ?"

కొలతలాయన ఆశగానే తలెత్తి చూశాడు. తెల్లటి సీలింగు. దాని పైన రేకులు.

"పెంకులు తీసేశారండీ," అంది బిళ్ళ అమ్మాయి. "పన్నెండేళ్ళయింది."

"ఎవరు తీశారు? ఎక్కడున్నాయో వాళ్ళనడిగితే..." అన్నాడు కొలతలాయన.

"నేనే," అన్నాడు మేస్త్రి.

సభాభవనం పెంకులు దింపడమే అతను చేసిన చివరి పెద్ద పని. తన ఇంటి పెంకు ఒక్కొక్కటీ వెనక్కి తిప్పినప్పుడు మేకుతో గీసిన ఆ చేప కనబడేది. పలకరింపుగా బొటనవేలితో రాసి, బండిలో వేసేవాడు. ఆ పెంకులు పగలగొట్టి, ముక్కలతో బయట కార్లు నిలిపే చోట గుంటలు పూడ్చి, పైన సిమెంటు పోశారు. పొద్దున వాటి మీదనుంచే నడిచి వచ్చారు ముగ్గురూ.

"ఒక్కటన్నా ఇంటికి తెచ్చుకోలేకపోయారా?" అంది భార్య.

"పాత పెంకు ఏం చేసుకుంటామనుకున్నా."

నలభై మూడేళ్ళుగా తిట్టడానికి వాడుకున్న కథ, తీరా పనికొచ్చే వేళకి ఆవిడ నోట్లో ఆరిపోయింది.

కొలతలాయన మర్యాదస్థుడు. ఏడో చిత్రం దగ్గరికి కూడా తనే లేచి వెళ్ళాడు. అది చట్టం తర్వాత రెండేళ్ళకి తీసింది. అందులో దర్జీకీ పాలావిడకీ మధ్య ఏడు రంగుల కప్పు, అతుకుల బొంత ఆరేసినట్టు, ఎవరైనా గుర్తుపట్టేంత స్పష్టంగా ఉంది. నగరం మొత్తంలో భూతద్దం అక్కర్లేకుండా కనబడే ఇల్లు అదొక్కటే.

"ఆ బొమ్మలో లేదు. ఈ బొమ్మలో ఉంది," అన్నాడతను బాధగా. "మధ్యలో చట్టం. నేనేం రాయను, మీరే చెప్పండి."

మేస్త్రి ఆలోచించాడు. "ఉన్నదే రాయండి," అన్నాడు.

తిరిగొస్తున్నప్పుడు బామ్మర్ది దారి పొడుగునా మాట్లాడాడు. కోర్టుకి వెళ్దామన్నాడు, పేపరువాళ్ళకి చెబుదామన్నాడు, ఆ పైలట్ బతికే ఉంటే వెతుకుదామన్నాడు. "వాడికి ఉత్తరం రాద్దాం బావా. అడ్రసు నేను కనుక్కుంటా." మేస్త్రి ఊఁ కొట్టాడు. కోటగోడ మలుపు దగ్గర భార్య ఆగి, ఊపిరి తీసుకుని, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు" అంది. "పెద్దలకి పెంకులు నేసే మొగుళ్ళు ఉండి ఉండరు." అందులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది మేస్త్రికి.

సందులో పది ఇళ్ళవాళ్ళు ఆ సాయంత్రం గట్టిగా నవ్వుకోలేకపోయారు. దర్జీ వచ్చి గుమ్మంలో నిలబడి, మేస్త్రి చొక్కా గుండీ ఒకటి వదులైందని చూసి, అక్కడే నిలబెట్టి కుట్టి వెళ్ళిపోయాడు.

ఇల్లు ఖాళీ చేయడానికి పద్నాలుగు రోజుల గడువిచ్చారు. కోర్టు గుమ్మం దగ్గరే ఒక వకీలు ఆ రెండు ఫొటోల నకళ్ళూ చూసి, "ఇవి మీరే తెచ్చారా?" అని అడిగి, మళ్ళీ మడిచి చేతికిచ్చాడు. పైలట్ అడ్రసు దొరకలేదు. పన్నెండో రోజు పొద్దున మేస్త్రి నిచ్చెన తెచ్చి గోడకి ఆనించాడు.

"ఏంటండీ, ఈ మోకాళ్ళతోనా?" అంది భార్య.

"వాళ్ళు యంత్రం పెట్టి కొడతారు. ఒక్క పెంకూ మిగలదు. నేను దింపితే అన్నీ దిగుతాయి."

ఎక్కాడు. పిల్లిలా కాదు. ఒక్కొక్క మెట్టుకీ ఆగి, గోడతో ఏదో రహస్యం చెబుతున్నట్టు చెంప ఆనించి, ఎక్కాడు. బామ్మర్ది కింద చేతులు చాపి నిలబడ్డాడు.

"ఇది గడియారాలాయనది," అన్నాడు మేస్త్రి, మొదటి పెంకు ఊడదీసి అందిస్తూ. "ఇవి రెండూ నూలు గిడ్డంగివి. ఇదిగో, ఇది పావురాలావిడది, జాగ్రత్త, అంచు పలచన. ఇది అన్నదమ్ములది..."

"ఇద్దరిలో ఎవరిది బావా?"

"కప్పు ఒకటేరా వాళ్ళకి."

గడియారాలాయన ఇల్లు ఇప్పుడు లేదు. గిడ్డంగి లేదు. పావురాలావిడ మేడ ఎప్పుడో పడగొట్టి అక్కడ కార్లు అమ్ముతున్నారు. ఉన్న పెంకులు ఇవే. బామ్మర్ది వాటిని గోడవారన పేర్చుకుంటూ పోయాడు. మధ్యాహ్నానికి నడుం ఎత్తుకి వచ్చాయి. లోపల వంటింట్లోకి ఎండ దిగి, గిన్నెల మీద పడింది. భార్య బియ్యం చేటతో వచ్చి, నలభై మూడేళ్ళ కిందట ఎక్కడ కూర్చుందో సరిగ్గా అక్కడే కూర్చుని, ఏరడం మొదలుపెట్టింది.

"గొడుగు తెమ్మంటావా అక్కా?" అన్నాడు బామ్మర్ది.

"వద్దు. ఇవాళ ఫొటో తీసేవాళ్ళెవరూ లేరు."

చివరి కొప్పు పెంకు దిగింది. బామ్మర్ది దాన్ని రెండు చేతులా పట్టుకుని, గోడవార చోటు లేక సందులోకి నడిచాడు. దర్జీ గుమ్మం ముందు ఆగాడు, అక్కడ పెట్టకూడదనుకుని పాలావిడ గుమ్మం దాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళు చేతికొచ్చిన ప్రతిదాన్నీ ఎక్కడ ఇవ్వాలో అక్కడ ఇచ్చిన మనిషి.

"ఇవన్నీ ఎక్కడ పెట్టమంటావ్ బావా?" అని అరిచాడు కిందనుంచి.

మేస్త్రి గోడ మీద కూర్చుని, ఇంటి లోపలికి కాళ్ళు వేలాడేసి, కింద భార్య నడినెత్తి కేసి చూస్తున్నాడు. పాపిడి వెడల్పయింది, వెంట్రుకలు పలచబడ్డాయి. ఊళ్ళో అందరి నెత్తులూ తెలిసినవాడు, ఆ ఒక్క నెత్తినీ పైనుంచి ఎప్పుడూ చూడలేదు.

"బావా, నిన్నే! ఎక్కడ పెట్టను?"

అతను జవాబు కోసం నగరం మీద ఒకసారి చూపు తిప్పాడు. అంతటా రేకులూ సిమెంటే.